పదహారు చుక్కల వీరుడు

వైకుంఠపాళి ఆడనివాళ్లు మీలో ఎవరూ ఉండరనుకుంటాను. ఒకరు చింతపిక్క పెడతారు, ఒకరు గాజుముక్క పెడతారు, ఇంకొకరు అమ్మకి తెలియకుండా చొక్కా గుండీ తెంపుకొచ్చి పెడతారు. పందెం పడినకొద్దీ అవి నిచ్చెనలెక్కుతాయి, పాము నోట్లో పడి జారతాయి. ఇప్పుడు చెప్పండి: కింది వరసలో మొదటి గడిలో ఉన్న చింతపిక్కకీ, పైవరసదాకా వెళ్లిన చింతపిక్కకీ తేడా ఏమిటి?

ఏమీ లేదు! అన్ని పాముల కాట్లు తిన్నా దానికి బుద్ధి రాలేదు. అన్ని నిచ్చెనలెక్కినా కాళ్లకు బలం రాలేదు. ఆట అయిపోగానే అది మళ్లీ ఉత్త చింతపిక్కే.

మరి, మనం నడిపే కాయ కూడా మనలాగే పెరిగితే? దెబ్బ తిన్నకొద్దీ గట్టిపడి, చూసినకొద్దీ నేర్చుకుంటే? ఈ ఆలోచనలోంచే రోల్ ప్లేయింగ్ ఆటలు పుట్టాయి. మన మాటల్లో చెప్పాలంటే వేషం కట్టి ఆడే ఆటలు. మీలో చాలామంది వీటిని కంప్యూటర్ మీదో, ఫోను మీదో ఆడే ఉంటారు. కాని వాటిలోని కథానాయకుణ్ణి ఎలా తయారుచేస్తారో ఎప్పుడైనా ఆలోచించారా? బొమ్మ గీసేస్తే నాయకుడు తయారైపోతాడనుకుంటే పొరపాటే.

మొదట కంప్యూటర్ లేదు, పాచికలే ఉన్నాయి

1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను పుస్తకాలుగా అచ్చువేశారు. అంతకుముందు ఆ దేశంలో కొందరు బల్లమీద బొమ్మసైన్యాలను పెట్టుకుని యుద్ధాలు ఆడేవారు. వీళ్ల ఆటలో ఒక్కొక్కరు నడిపేది సైన్యాన్ని కాదు, ఒకే ఒక మనిషిని.

మనిషి అన్నాక గుణాలుండాలి కదా? ఆరు గుణాలు పెట్టారు: బలం, తెలివి, వివేకం, ఓర్పు, చురుకుతనం, ఆకర్షణ. ఒక్కొక్క గుణానికీ మూడేసి పాచికలు వేసి, పడిన అంకెలు కూడి, ఆ మొత్తాన్ని రాసుకోవాలి. అతి తక్కువ 3. అతి ఎక్కువ 18.

మూడు పాచికలే ఎందుకు? 3 నుంచి 18 దాకా చీటీలు రాసి డబ్బాలో వేసి ఒకటి తీస్తే సరిపోదా? సరిపోదు. ఇక్కడే లెక్క ఉంది. మూడు పాచికలు 6 × 6 × 6, అంటే 216 విధాలుగా పడవచ్చు. అందులో 18 రావాలంటే మూడూ ఆరే పడాలి. ఒకటే విధం. 10 రావడానికి మాత్రం 27 విధాలున్నాయి, 11 రావడానికి మరో 27. 9 నుంచి 12 దాకా కలిపి చూస్తే 216లో 104. దాదాపు సగం! అంటే మన వీధిలో ఉన్నట్టే అన్నమాట: మామూలు బలం ఉన్నవాళ్లు ఎక్కువ, మహాబలులు తక్కువ, మరీ బలహీనులూ తక్కువ. చీటీలతో అయితే భీముళ్లూ, బక్కవాళ్లూ, మామూలువాళ్లూ సమానంగా పుట్టుకొస్తారు.

నిరుడు మా తొమ్మిదో తరగతివాళ్ల చేత ఈ పని చేయించాను. నాలుగు జట్లు కూర్చుని మొత్తం 216 సార్లు వేసి, గ్రాఫు కాగితంమీద గళ్లు నింపారు. మధ్యలో లేచి ఇరువైపులా వాలిన గంట ఆకారం వచ్చింది. 18 ఒకసారి రావలసింది రెండుసార్లు వచ్చింది, 3 అసలు రాలేదు. “లెక్క తప్పా సార్?” అని అడిగారు. తప్పు కాదు. 216లో ఒకటి అంటే ఎన్నోసార్లు వేసినమీదట సగటున ఒకటి అని. ప్రతి 216కీ సరిగ్గా ఒకటి వచ్చితీరాలని కాదు.

మర్నాడు ఒక అబ్బాయి వచ్చి, ఇంటిదగ్గర వేస్తే ఆరు గుణాలూ 18 పడ్డాయన్నాడు. వాడి ముందే లెక్క కట్టాం. 216ను ఆరుసార్లు హెచ్చిస్తే కోటి కోట్లు దాటుతుంది. అంతటి అదృష్టం మీ ఇంటిదగ్గర పాచికల్లో ఎందుకు ఖర్చుపెట్టావురా అన్నాను. వాడూ నవ్వేశాడు.

అన్నీ ఉన్నవాడితో వచ్చిన చిక్కు

ఆ తరవాతి వారం పాచికలు పక్కన పెట్టించి, ఎవరికి తోచిన వీరుణ్ణి వాళ్లు రాసుకోమన్నాను. ఏమవుతుందో మీరు ఊహించే ఉంటారు. తరగతిలో సగంమందికి పైగా అన్నింటికీ 18 వేసుకున్నారు. సరే ఆడండి అన్నాను. రాక్షసుడొచ్చాడు, ఒక్క దెబ్బకి పడ్డాడు. ఇంకొకడొచ్చాడు, వాడూ పడ్డాడు. పదినిమిషాలకల్లా వెనక బల్లలవాళ్లు ఆవలించడం మొదలుపెట్టారు.

అప్పుడు ఒక నిబంధన పెట్టాను. అందరికీ 60 పాయింట్లే. ఆరు గుణాలకూ వాటినే సర్దుకోవాలి. ఒక అమ్మాయి బలానికి 4 ఇచ్చి, చురుకుతనానికి 17 ఇచ్చింది. గుహ ముంగిట బండరాయి అడ్డం వచ్చింది. ఆమె వీరుడు దాన్ని కదిలించలేడు. గొర్రెల కాపరిని బతిమాలుకుని, వాళ్ల కుక్కను ఎత్తుకుపోయిన తోడేలును వెతికిపెడతానని మాటిచ్చి, అలా రాయి తీయించుకున్నాడు. బడి గంట కొట్టినా పిల్లలు లేవలేదు. లేనిదేమిటో తెలిశాకే ఆ వీరుడి కథ నడిచింది.

సరే, ఇది కాగితం మీద ఆట. కంప్యూటర్లో ఇదే పని చేయవలసివచ్చిన ఒక సందర్భం చెబుతాను. ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. వీడియో ఆటలంటే నాకు పెద్ద గౌరవం ఉండేది కాదు. పరీక్షల ముందు పిల్లల ఫోన్లు లాక్కుని బీరువాలో పెట్టిన చేతులే ఇవి. కాని ఈ ఆట కథ చదివాక, దీన్ని చేసినవాళ్లు మంచి ఉపాధ్యాయులయ్యేవారని అనిపించింది.

నాలుగు అక్షరాల పేరు

ఆట పేరు ‘డ్రాగన్ క్వెస్ట్’. జపాన్‌లో 1986 మే 27న విడుదలైంది. కథా, పథకమూ యూజీ హోరీవి. బొమ్మలు అకిరా తోరియామావి; ‘డ్రాగన్ బాల్’ గీసినాయన అంటే మీకు వెంటనే తెలుస్తుంది. ప్రోగ్రాం రాసిన జట్టుకు పెద్ద కోయిచీ నకామురా. అప్పటికి అతనికి 21 ఏళ్లు. నాలుగేళ్ల కిందట ఎనిక్స్ అనే సంస్థ ప్రకటించిన పోటీకి ఆట పంపి బహుమతి కొట్టినప్పుడు అతను హైస్కూలు విద్యార్థి! హోరీ కూడా ఆ పోటీలో బహుమతి పొందినవాడే. సంగీతం కూర్చిన కోయిచీ సుగియామాకి మాత్రం యాభై దాటాయి. నా ఈడువాడు ఒకరున్నందుకు నాకు సంతోషం.

అమెరికాలో 1981లో వచ్చిన ‘విజార్డ్రీ’, ‘అల్టిమా’ అనే ఆటలంటే హోరీ, నకామురాలకు ప్రాణం. కాని అవి కంప్యూటర్లమీద అలవాటైనవాళ్లకే. తమ ఆట ఇళ్లలో టీవీకి తగిలించుకునే ‘ఫామికామ్’ యంత్రంమీద, ఇలాంటి ఆట ఎన్నడూ ఎరగని పిల్లలు కూడా ఆడాలని వాళ్ల పట్టుదల.

చిక్కల్లా చోటు. ఆటంతా పట్టవలసిన కాట్రిడ్జిలో ఉన్నది 64 కిలోబైట్లు. ఇవాళ ఫోనుతో తీసిన ఒక్క ఫొటో దానికి ముప్పై రెట్లకు పైగా ఉంటుంది. ఆ కాస్త చోటులో ఒక దేశం, ఊళ్లు, గుహలు, రాజు, రాకుమారి, రాక్షసులు, సంగీతం, సంభాషణలు, వీటన్నింటితోపాటు మన వీరుడూ ఇమడాలి.

వీరుడి బొమ్మకు ఎంత చోటు కావాలో మనమే లెక్క కడదాం. చుక్కల ముగ్గు గుర్తుచేసుకోండి. తెరమీద వీరుడు 16 వరసల్లో వరసకు 16 చుక్కల ముగ్గు. యంత్రం దీన్ని 8 చుక్కల వెడల్పు, 8 చుక్కల ఎత్తు ఉన్న నాలుగు పలకలుగా పేర్చుతుంది. ఒక్కొక్క చుక్కా నాలుగింటిలో ఏదో ఒకటి కావచ్చు: మూడు రంగులు, లేదా వెనకున్నది కనిపించేలా ఖాళీ. నాలుగింటిలో ఒకటి ఎంచడానికి రెండు బిట్లు చాలు. 64 చుక్కలకు 128 బిట్లు, అంటే 16 బైట్లు. నాలుగు పలకలకు 64 బైట్లు.

ఇంతేనా అనకండి. వాడు నడవాలి కదా! కాలు మార్చినట్టు కనిపించాలంటే రెండు బొమ్మలు కావాలి. నాలుగు దిక్కులకూ తిరగాలంటే ఎనిమిది. 8 × 64 = 512 బైట్లు. కుడివైపు బొమ్మను అద్దంలోలా తిప్పి ఎడమకు వాడుకునే సదుపాయం ఆ యంత్రంలో ఉంది; అలా కొంత మిగులుతుంది. కాని వీరుడు కత్తి పట్టాక బొమ్మ మారాలి, డాలు పట్టాక మారాలి, రాకుమారిని చేతులమీద ఎత్తుకొచ్చేటప్పుడు మారాలి. రాజభటులున్నారు, దుకాణదారులున్నారు, ముసలివాళ్లున్నారు. అందరికీ ఇలాగే కట్టుకుంటూ పోతే బైట్లు ఏ మూలకు వస్తాయి?

అప్పుడు వాళ్లు చేసిన పని వింటే మీకు నవ్వొస్తుంది. వీరుణ్ణి ఎప్పుడూ మనవైపే చూసేట్టు గీశారు! ఉత్తరానికి వెళ్లినా మొహం మనవైపే, తూర్పుకు వెళ్లినా మనవైపే. పక్కకు నడిచేటప్పుడు అచ్చం పీతలా జరుగుతాడు. మన తోలుబొమ్మలు చాలావరకు పక్కకు తిరిగి ఉంటాయి, ఈయన దానికి విరుద్ధం.

దీంతో ఇంకో తమాషా జరిగింది. వీరుడి ఎదురుగా ఎవరున్నారో యంత్రానికి ఎలా తెలుస్తుంది? వాడికి ‘ఎదురు’ అనేదే లేదాయె! అందుకని ఎవరితోనైనా మాట్లాడాలంటే ముందు ‘మాట్లాడు’ అని ఎంచి, ఆపైన ఏ దిక్కున ఉన్నవాళ్లతోనో కూడా చెప్పాలి. బొమ్మలో మిగుల్చుకున్న బైట్లకు ఆడేవాళ్లు తమ వేళ్లతో బాకీ తీర్చారన్నమాట.

అక్షరాలకు కూడా కరువే. జపాన్ భాషలో కతకానా అనే లిపి ఉంది. అందులో ప్రధానమైనవి 46 అక్షరాలు. చోటు చాలక వాటిలో 20 మాత్రమే కాట్రిడ్జిలోకి ఎక్కించారు. ఆ లిపిలో రాయవలసిన రాక్షసుల పేర్లన్నీ ఆ ఇరవైతోనే కుదరాలి. దీని బాధ తెలియాలంటే మన వర్ణమాలలోంచి ఓ ఇరవై అక్షరాలు ఎంచుకుని, మీ తరగతి హాజరుపట్టీ రాయడానికి ప్రయత్నించండి. ఎంతమంది గైరుహాజరవుతారో చూడండి.

ఇప్పుడు పేరు సంగతికి వద్దాం. వీరుడికి పేరు పెట్టేది మీరే. నాలుగు అక్షరాలు. మీ పేరే పెట్టుకోవచ్చు. ఆ పేరులోనే అతని జాతకం ఉంది! నిజం జాతకం కాదులెండి, శేషాల లెక్క. ఒక్కొక్క అక్షరానికీ లోపల ఒక అంకె ఉంటుంది. ఉదాహరణకు నాలుగు అక్షరాల అంకెలు 9, 14, 3, 12 అనుకుందాం. మొత్తం 38. దీన్ని 16తో భాగిస్తే శేషం 6. శేషం 0 నుంచి 15 దాకా ఏదైనా కావచ్చు గనక పదహారు రకాల పెరుగుదలలున్నాయి. ఒక పేరువాడికి బలం తొందరగా పెరుగుతుంది, ఇంకో పేరువాడికి మంత్రశక్తి పెరుగుతుంది. కాగితంమీద మనం 60 పాయింట్లు సర్దుకున్నాం చూడండి, ఆ సర్దుబాటు ఇక్కడ పేరే చేసేస్తుంది.

పెరగడం ఎలా?

వీరుడు ఒకటో స్థాయిలో మొదలవుతాడు. అప్పటికి వాడు గెలవగలిగేవి నీలంరంగు జిగట బొట్లు; వాటి పేరు స్లైమ్. హోరీ దీన్ని బురదముద్దలా గీసి ఇస్తే, తోరియామా ఒక చుక్క ఆకారం చేసి, కళ్లు పెట్టి, నవ్వించాడు. అదీ చిత్రకారుడి చేతి చలవ. ఒక స్లైమ్‌ను ఓడిస్తే అనుభవం 1 వస్తుంది. రెండో స్థాయికి 7 చాలు. మూడుకు 23, నాలుగుకు 47, అయిదుకు 110, ఆరుకు 220. వరసగా తేడాలు తీసి చూడండి: 16, 24, 63, 110. మొదటి మెట్టు అరచెయ్యంత ఎత్తు. అక్కడినుంచి మెట్టు మెట్టుకూ ఎత్తు పెరుగుతుంది. మొదటి అరగంటలోనే ‘నేను పెరిగాను’ అని పిల్లవాడికి తెలియాలి, ఆ తరవాత కష్టపడడానికి వాడే సిద్ధపడతాడు.

అఖరిదైన 30వ స్థాయికి 65,535 అనుభవం కావాలి. ఇదేం వింత అంకె? అనుభవం రాసుకోవడానికి యంత్రం రెండు బైట్లు కేటాయించింది. రెండు బైట్లంటే 16 బిట్లు. పదహారింటిలోనూ ఒకట్లే ఉంటే వచ్చే విలువ 65,535. అంతకుమించి రాయడానికి అందులో చోటే లేదు.

దెబ్బల లెక్క కూడా సరళంగా ఉంటుంది. వీరుడి దాడి అంకెలోంచి ఎదుటి జీవి రక్షణ అంకెలో సగం తీసెయ్యాలి. మిగిలినదానిలో నాలుగోవంతుకూ సగానికీ మధ్య ఎంత పడితే అంత దెబ్బ. దాడి 20, రక్షణ 8 అనుకోండి. 20లోంచి 4 పోతే 16. దెబ్బ 4కూ 8కీ మధ్య ఉంటుంది. ఆ జీవికి 20 ప్రాణం ఉంటే మూడు దెబ్బలకే పోవచ్చు, అయిదు దెబ్బలూ పట్టవచ్చు. ఈ అనిశ్చితికోసమే ఆడేవాళ్లు ఊపిరి బిగబట్టి కూర్చుంటారు.

మరి వీరుడే ఓడిపోతే? అప్పటికి చాలా ఆటల్లో ఓడితే అంతా మొదటికి రావలసిందే. ఇక్కడ హోరీ అలా చెయ్యలేదు. వీరుడు రాజుగారి ముందు కళ్లు తెరుస్తాడు. దగ్గరున్న డబ్బులో సగం పోతుంది. అనుభవం మాత్రం చెక్కుచెదరదు. డబ్బు పోయినా నేర్చుకున్నది పోనివ్వని ఈ నిబంధన నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. మా పరీక్షల పద్ధతి ఇంత దయగా లేదు.

ఇంతకీ ఈ వీరుడు ఏం మాట్లాడతాడు? ఏమీ మాట్లాడడు! రాజు మాట్లాడతాడు, భటులు మాట్లాడతారు, చివరికి ఊళ్లో తిరిగేవాళ్లూ మాట్లాడతారు. వీరుడి నోట మాటే రాదు. బద్ధకించి రాయకపోవడం కాదది. వీరుడు తనంతట తాను ఒక్క మాటన్నా, ‘నేను అలా అనేవాణ్ణి కాదే’ అని ఆడుతున్న పిల్లవాడికి తడుతుంది. ఆ క్షణంలో వీరుడు వేరు, తను వేరు అయిపోతారు. అందుకని మాట మనకే వదిలేశారు. మనం అనగలిగినవి రెండే: ‘అవును’, ‘కాదు’. కాపాడిన రాకుమారి తనను తీసుకువెళ్లమంటుంది. కాదన్నారనుకోండి, అవునన్నదాకా అడుగుతూనే ఉంటుంది. చిట్టచివర డ్రాగన్ల రాజు ఎదురుపడి, తన పక్షాన చేరితే లోకంలో సగం ఇస్తానంటాడు. అక్కడా ‘అవును’, ‘కాదు’. అవునన్నవాడి ప్రయాణం అక్కడితో సరి. చెప్పింది బొమ్మ కాదు, మీరు. అందుకే అక్కడ వేలు వణుకుతుంది.

జీవితమంతా పదిహేను బైట్లు

ఫామికామ్ కట్టేస్తే ఆ ఆటలో జరిగిందంతా చెరిగిపోతుంది. రేపు మళ్లీ ఇక్కడినుంచే ఆడాలంటే ఎలా? రాజుగారి దగ్గరికి వెళితే ఆయన ఒక మంత్రం చెబుతాడు. ఇరవై అక్షరాలు. కాగితంమీద రాసుకుని, మర్నాడు అదే కొడితే వీరుడు లేచి నిలబడతాడు.

మంత్రంలో వాడే అక్షరాలు 64 రకాలు. 64లో ఒకటి ఎంచడానికి ఆరు బిట్లు కావాలి. ఇరవై అక్షరాలంటే 120 బిట్లు, అంటే 15 బైట్లు. వీరుడి పేరుకు నాలుగు అక్షరాలు గనక 24 బిట్లు, అనుభవానికి 16, డబ్బుకు 16, ఇక సామాన్లు. మరి బలం? స్థాయి? వాటిని రాయనక్కరలేదు! అనుభవం తెలిస్తే స్థాయి తెలుస్తుంది, పేరూ స్థాయీ తెలిస్తే బలం తెలుస్తుంది. పేరుతో జాతకం ముడిపెట్టడంలో ఉన్న లాభం ఇప్పుడు తెలిసిందా?

కొన్ని బిట్లు తప్పు పట్టడానికే ఉన్నాయి. ఒక్క అక్షరం తప్పు రాసుకున్నా యంత్రం ఒప్పుకోదు, మంత్రం తప్పంటుంది. వారాల తరబడి పెంచుకున్న వీరుడు ఒక కొమ్ము పక్కకు గీసినందుకు గల్లంతు! చేతిరాత బాగుండాలని నేను మొత్తుకునేది ఎందుకో మా తరగతివాళ్లకు ఈ కథతోనే అర్థమైంది. 1987లో వచ్చిన రెండో ఆటలో వీరులు ముగ్గురయ్యారు. మంత్రం 52 అక్షరాలదాకా సాగింది. 1988 మూడో ఆటలో కాట్రిడ్జిలోనే చిన్న బ్యాటరీ పెట్టి మంత్రాలకు స్వస్తి చెప్పారు. వీరుడా, వీరవనితా అన్నది ఆడేవాళ్లే ఎంచుకునే వీలు కూడా అందులోనే వచ్చింది. ఇంత ఆలస్యమెందుకని మా ఆడపిల్లలు అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

మీరూ ఒకణ్ణి తయారుచెయ్యండి. గ్రాఫు కాగితంమీద 16 గళ్ల వెడల్పు, 16 గళ్ల ఎత్తు చట్రం గీసుకోండి. రంగులు మూడే. కళ్లకు రెండేసి గళ్లకన్నా మిగలవు. వేళ్లు, బొత్తాలు గీద్దామని ఆశపడకండి. దూరంనుంచి చూస్తే గుర్తుపట్టేది నీడలాంటి ఆకారాన్నే. తోరియామా వీరుడికి కొమ్ములున్న శిరస్త్రాణం ఉంది. 16 చుక్కల్లోనూ ఆ కొమ్ములు తెలుస్తాయి. మీవాడికి తలపాగా చుట్టండి, జడ వెయ్యండి, గొడుగివ్వండి. తరవాత 60 పాయింట్లు ఆరు గుణాలకూ సర్దండి. ఒకదానికైనా 5 కంటే తక్కువ ఇవ్వాలి.

మా తరగతిలో అందరూ గీశాక కాగితాలు గోడకు అంటించాం. ముందు బల్లమీద కూర్చునే ఒక అబ్బాయి చాలాసేపు చూసి, “సార్, జపాన్ వీరుడి వీపు ఎలా ఉంటుంది?” అన్నాడు. 1986లో ఆ బొమ్మ లేనే లేదు. 1989లో ఆ ఆట అమెరికాలో ‘డ్రాగన్ వారియర్’ పేరుతో వచ్చినప్పుడు బ్యాటరీ పెట్టారు, వీరుణ్ణి నాలుగు దిక్కులకూ తిప్పి గీశారు. ఉత్తరానికి నడిచినప్పుడు ఆ మొదటి వీరుడు మనకు వీపు చూపించింది అప్పుడే.